థియేటర్ గోడ లేవకముందే ఆయమ్మను కూడా అడగండి: ఆపరేషన్ థియేటర్ డిజైన్‌లో సిబ్బందిని కలుపుకునే పద్ధతి

కొత్త థియేటర్ మొదలైన మూడో రోజు రాత్రి. లేబర్ రూమ్ నుంచి ఒక తల్లిని హడావిడిగా తెస్తున్నాం. కడుపులో బిడ్డ గుండె చప్పుడు పడిపోతోంది. కారిడార్ చివర, థియేటర్ తలుపు ముందు ట్రాలీ మలుపు తిరగలేదు. తలుపు వెడల్పే, కారిడార్ కూడా వెడల్పే. ఆ రెండూ కలిసే మూలలో ఒక పిల్లర్ ఉంది. ట్రాలీ తల భాగం పిల్లర్‌కు, కాళ్ల భాగం ఎదురు గోడకు తగిలి ఆగిపోయింది. నలుగురం దుప్పటి కొసలు పట్టుకుని ఆమెను ఎత్తి లోపలికి మోసుకుపోయాం. తల్లీబిడ్డలు క్షేమంగా బయటపడ్డారు. కేసు అయ్యాక ట్రాలీ తోసే ఆయమ్మ నాతో అన్న మాట ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. "గోడ కడుతున్నప్పుడే అనుకున్న మేడం, గీ మూలకాడ బండి తిరగదని. నన్నెవ్వరడిగిన్రు?"

ఆ భవనానికి డబ్బు తక్కువ పడలేదు. ప్లాన్ గీసినవాళ్లు చదువు తక్కువవాళ్లు కారు. ఏళ్ల తరబడి రోజుకు పదిసార్లు ట్రాలీ తోసిన మనిషికి తెలిసిన సంగతి కాగితం మీదికి రాలేదు, అంతే. నేను పాలమూరు, నల్గొండ వైపు థియేటర్లలో ఇరవై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేశాను. రెండు కొత్త థియేటర్ల ప్లాన్ దశలో కూర్చునే అవకాశం కూడా వచ్చింది. అక్కడ ఏ పద్ధతి పనికొచ్చిందో అడుగు అడుగుగా రాస్తున్నాను.

ఈ పదేళ్లలో మన దక్షిణ తెలంగాణలో థియేటర్లు బాగా పెరిగాయి. ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో మొదలయ్యాయి. ఏరియా ఆస్పత్రుల్లో అదనపు బ్లాకులు లేస్తున్నాయి, ప్రైవేటు నర్సింగ్ హోములు మేడ మీద మేడ వేస్తున్నాయి. మీరు సూపరింటెండెంట్ అయినా, నర్సింగ్ హోము నడిపే డాక్టర్ అయినా, ప్లాన్ గీసే ఇంజనీర్ అయినా, "మమ్మల్నెవరు అడుగుతారు" అనుకునే సిస్టర్ అయినా ఇది మీకోసమే.

మొదటి అడుగు: ఎప్పుడు అడగాలి

గోడలు లేచాక అడగడం అడగడం కాదు. అప్పుడు సిబ్బంది చెప్పేదల్లా ఫిర్యాదులాగే వినిపిస్తుంది. గదులు ఎక్కడెక్కడో పెన్సిల్‌తో గీసిన దశలో ఒకసారి, గది లోపల సామాను ఎక్కడ పెట్టాలో తేల్చే దశలో రెండోసారి అడగాలి. టెండర్ పిలిచాక ఒక సాకెట్ జరపాలన్నా అదనపు పని కింద రాసి, మంజూరు తెచ్చుకోవాలి. అదే మాట టెండర్‌కు నెల ముందు అంటే రబ్బరుతో తుడిచి మళ్లీ గీస్తే సరిపోతుంది.

ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఒక చిక్కు ఉంది. కట్టేది చాలావరకు రాష్ట్ర వైద్య సేవల మౌలిక సదుపాయాల సంస్థ ఇంజనీర్లు. ప్లాన్ చాలాసార్లు పైనుంచి తయారై వస్తుంది. "ఇక మనం చెప్పేదేముంది" అని సూపరింటెండెంట్లు వదిలేయడం చూశాను. పునాది, పిల్లర్లు, అంతస్తుల ఎత్తు మారకపోవచ్చు. టేబుల్ ఎటు తిరగాలి, ఆక్సిజన్ లాంటి గ్యాస్ పాయింట్లు ఏ గోడకు రావాలి, తలుపు ఎటు తెరుచుకోవాలి, సామాను గది ఎక్కడ అన్నవి మాత్రం మన చేతిలో ఉంటాయి. రోజూ ప్రాణం తీసే ఇబ్బందులు ఎక్కువగా వీటిలోనే ఉంటాయి.

కాబట్టి సిబ్బందిని పిలిచే ముందు ఇంజనీరుతో కూర్చుని రెండు జాబితాలు రాసుకోండి. ఒకటి మారనివి, రెండోది మార్చగలిగినవి. మొదటి రోజే రెండూ సిబ్బందికి చదివి వినిపించండి. మార్చలేనిదాని మీద మూడు గంటలు మాట్లాడించి చివర్లో "అది కుదరదు" అంటే, మళ్లీ పిలిచినప్పుడు ఎవరూ నోరు విప్పరు.

రెండో అడుగు: ఎవరిని అడగాలి

సర్జన్, మత్తు డాక్టర్, గైనిక్ మేడం, ఎముకల డాక్టర్ ఎలాగూ వస్తారు. వాళ్లతో ఆపేస్తే ప్లాన్ టేబుల్ చుట్టూ నాలుగడుగుల వరకే బాగుంటుంది. ఆ వలయం బయట పనిచేసేవాళ్ల జాబితా పెద్దది. స్క్రబ్ అయ్యే (చేతులు కడుక్కుని టేబుల్ దగ్గర నిలబడే) సిస్టర్, బయటి సామాను అందించే సిస్టర్, థియేటర్ టెక్నీషియన్, అనస్థీషియా టెక్నీషియన్, ట్రాలీ తోసేవాళ్లు, కేసు కేసుకూ నేల కడిగేవాళ్లు, సామాన్లను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ దగ్గర ఉండేవాళ్లు, బట్టలు ఉతికించే మనిషి, ఎలక్ట్రీషియన్, ఆక్సిజన్ ప్లాంట్ చూసుకునే మనిషి, బయోమెడికల్ ఇంజనీర్, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు. వీళ్లలో రాత్రి డ్యూటీ చేసేవాళ్లు కనీసం ఇద్దరు ఉండాలి. పగటి థియేటర్ వేరు, రాత్రి థియేటర్ వేరు. రాత్రి రెండు గంటలకు స్టోరు తాళం ఎవరి దగ్గర ఉంటుందన్న ప్రశ్న పగటివాళ్లకు తోచదు.

అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టవద్దు. నేను మొదట్లో ఆ పొరపాటు చేశాను. పెద్ద సర్జన్ ఉన్న గదిలో ఆయమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. కుర్చీ చూపిస్తే కూడా కూర్చోలేదు. "ఏమన్నా చెప్పమ్మా" అంటే "అంతా మంచిగనే ఉంది సార్" అంది. మర్నాడు ఛాయ్ తాగుతూ ఒక్కదాన్నే అడిగితే అరగంట చెప్పింది. అప్పటినుంచి పనిని బట్టి చిన్న చిన్న గుంపులుగా, నలుగురైదుగురికి మించకుండా కూర్చోబెట్టాం. మూడు విడతలయ్యాక గుంపుకు ఒకరిని ఎన్నుకోమన్నాం. ఆ ఎన్నికైనవాళ్లు డాక్టర్లతో కలిసి కూర్చున్నారు. అప్పటికి ఆయమ్మ మాట ఆమె ఒక్కదానిది కాదు, పది మందిది.

అవుట్‌సోర్సింగ్ వాళ్ల భయం వేరు. ఏజెన్సీ వాళ్లకు తెలిస్తే డ్యూటీ పోతుందేమోనని వెనకాడతారు. వాళ్లు చెప్పింది పేర్లు లేకుండా రాసుకోండి, ఆ సంగతి ముందే చెప్పండి. ఇంకొకటి, రాత్రి డ్యూటీ దిగినవాళ్లను మధ్యాహ్నం మీటింగ్‌కు రమ్మనవద్దు. పిలిచే గంటలు డ్యూటీలో భాగంగా లెక్క కట్టండి, లేదా బదులుగా సెలవివ్వండి. నిద్ర చంపుకుని వచ్చిన మనిషి దగ్గర మంచి మాట ఆశించడం న్యాయం కాదు.

మూడో అడుగు: ఇప్పుడున్న థియేటర్లో ఒక వారం నిలబడండి

మనిషి చేసే పనిలో సగం అలవాటైపోయి, అడిగితే గుర్తుకు రాదు. అందుకే ప్రశ్నలకు ముందు చూపు. ప్లాన్ గీసేవాళ్లే రావాలి. గౌను వేసుకుని, టోపీ పెట్టుకుని, ఎవరికీ అడ్డం రాని మూలలో నిలబడాలి. కనీసం ఒక ఆపరేషన్ రోజు మొత్తం, ఒక రాత్రి, ఒక ఆదివారం.

చేతిలో గది పటం గీసిన గ్రాఫ్ షీటు ఉండాలి. సామాను అందించే సిస్టర్ ఎటు నడిస్తే అటు పెన్సిల్ గీత. ఒక్క సిజేరియన్ అయ్యేసరికి ఆ కాగితం చిక్కుపడిన దారపుండలా తయారవుతుంది. గీతలు ఎక్కడ దట్టంగా ఉన్నాయో చూడండి. మా దగ్గర కుట్టుదారాల బీరువాకూ టేబుల్‌కూ మధ్య గీతలు నల్లగా అలుక్కుపోయాయి. బీరువా ఉన్నది గది తలుపు వెనక గోడకు, ప్రతిసారీ మత్తు మిషన్ వైర్లు దాటి వెళ్లాలి.

ఇంకో కాగితం మీద తలుపు తెరిచిన ప్రతిసారీ ఒక గీత, పక్కన కారణం. ఇది చాలా ముఖ్యం. థియేటర్ లోపలి గాలి ఒత్తిడి బయటికంటే ఎక్కువగా ఉండాలి, అప్పుడే కారిడార్ గాలి లోపలికి రాదు. ఆస్పత్రులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీహెచ్ సంస్థ మార్గదర్శకాల ప్రకారం ఆ తేడా కనీసం 2.5 పాస్కల్ (ఒత్తిడి కొలత). గంటకు కనీసం 20 సార్లు గాలి మారాలి, అందులో 4 సార్లు బయటి తాజా గాలి కావాలి. తలుపు తెరిచిన ప్రతిసారీ ఆ ఒత్తిడి పడిపోతుంది. కారణాలు చూస్తే కళ్లు తెరుచుకుంటాయి. ఒక దారం తక్కువైంది. బయటినుంచి ఎవరో "ఇంకెంతసేపు" అని అడిగారు. బ్లడ్ బ్యాంకుకు శాంపిల్ పంపాలి. ఎవరి ఫోనో మోగింది. వీటిలో చాలావాటికి మందు ప్లాన్‌లోనే ఉంది. రెండు వైపులా తెరుచుకునే అందింపు కిటికీ, తలుపుకు చూసే అద్దం, లోపలికి ఒక ఇంటర్‌కామ్ పెడితే సగం గీతలు పోతాయి.

నాలుగో అడుగు: ప్రశ్న ఎలా వేయాలి

"మీకేం కావాలి?" అని అడిగితే సామాన్ల జాబితా వస్తుంది. కొత్త లైటు, కొత్త టేబుల్, ఇంకో ఏసీ. అవి అక్కర్లేదని కాదు, వాటికి ఇండెంట్ (సామాను కోరే కాగితం) ఉంది. డిజైన్‌కు పనికొచ్చే ప్రశ్న నిన్నటి పని గురించి ఉండాలి. నిన్న ఏ పని రెండుసార్లు చేయాల్సి వచ్చింది? దేనికోసం వెతికారు? ఎక్కడ నడుం పట్టేసింది? ఏ చోట భయం వేస్తుంది? కొత్తగా చేరినవాళ్లకు ఏ జాగ్రత్త మొదట చెబుతారు? ఈ చివరి ప్రశ్నను నేను బాగా నమ్ముతాను. కొత్తవాళ్లకు చెప్పే ప్రతి జాగ్రత్త వెనుకా ఆ గదిలో ఒక లోపం దాక్కుని ఉంటుంది.

నేల కడిగే ఆమెను అడిగితే మూలల గురించి చెప్పింది. "రక్తం మూలలకు పోతది మేడం, మాపు ఆడికి పోదు." గోడ, నేల కలిసేచోట గుండ్రంగా ఒంపు తిప్పాలని పుస్తకాల్లోనూ ఉంటుంది. మేస్త్రీ మాత్రం తలుపు చట్రం దగ్గర ఆ ఒంపు ఆపేశాడు. ఆమె చూపించేదాకా మాలో ఎవరూ గమనించలేదు.

ఆటోక్లేవ్ దగ్గరి అబ్బాయిని అడిగితే నీళ్ల గురించి చెప్పాడు, ఆ సంగతి కిందికి వస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను అడిగితే పంజాల్లాంటి ఎక్స్‌టెన్షన్ బోర్డులు చూపించాడు. నేల మీద ఆరు తీగలు, వాటి మీదుగా సెలైన్ తడి. మత్తు డాక్టర్‌ను అడిగితే ఒక్క మాట అన్నారు: "పేషెంటు తల వెనక నాకు నిలబడే చోటివ్వండి, మిగతాది మీ ఇష్టం." స్క్రబ్ సిస్టర్ చేతులు కడిగే తొట్టి గురించి చెప్పింది. కడుక్కున్న చేతులు పైకెత్తి పట్టుకుని లోపలికి రావాలి. తలుపు తన వైపుకు లాగే రకం. వీపుతో తోద్దామంటే రాదు. ఎవరో ఒకరు తీసి పట్టుకోవాలి, ఆ ఒకరు రాత్రిపూట ఉండరు.

చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. "మూలలు శుభ్రపరచుటలో ఇబ్బంది" అని మార్చి రాస్తే ఆ రక్తం, ఆ మాపు రెండూ కాగితం మీంచి మాయమవుతాయి.

ఐదో అడుగు: ఇక్కడి రోగులు, ఇక్కడి ఎండ, ఇక్కడి నీళ్లు

బయటినుంచి వచ్చే స్టాండర్డ్ ప్లాన్‌కు తెలియనిది ఇదే. స్థానిక సిబ్బంది విలువ తెలిసేదీ ఇక్కడే.

నల్గొండ జిల్లాలోని మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పెద్దవాళ్లు ఇప్పటికీ టేబుల్ మీదికి వస్తారు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాయి కానీ ఒంగిపోయిన వెన్ను వెనక్కి రాదు. వెన్నుపూసల చుట్టూ ఉండే కట్లు గట్టిపడి వీపు కర్రలా బిగుసుకుపోతుంది. మెడ వెనక్కి వాలదు. వెన్నులో సూది వేయాలంటే మత్తు డాక్టర్ ఎన్నోసార్లు ప్రయత్నించాల్సి రావచ్చు, గొంతులోకి గొట్టం వేయడమూ కష్టమే. డిజైన్‌లో దీనికి అర్థమేమిటి? రోగిని కూర్చోబెట్టి, ముందు ఒక మనిషి భుజాలు పట్టుకుని, వెనక డాక్టర్ స్టూలు వేసుకుని కూర్చునేంత జాగా టేబుల్ రెండు పక్కలా ఉండాలి. టేబుల్ బాగా కిందికి దిగాలి. కష్టమైన శ్వాసనాళానికి వాడే సామాను ట్రాలీ తల వైపే, చెయ్యి చాస్తే అందేచోట నిలవాలి. ఒంగిన వీపు కింద, మోకాళ్ల కింద పెట్టే రకరకాల దిండ్లకు ఒక అర కావాలి. మా మొదటి ప్లాన్‌లో దిండ్లకు చోటే లేదు. ముప్పై ఏళ్లుగా ఈ జిల్లాలో ఉన్న టెక్నీషియన్ అడిగి రాయించాడు.

ఇక నీళ్లు. మన బోరు నీళ్లలో ఉప్పులెక్కువ. ఆటోక్లేవ్ హీటర్లకు తెల్లగా పెచ్చు కడుతుంది, సేఫ్టీ వాల్వ్ పట్టేస్తుంది, కత్తెరల మీద మచ్చలు పడతాయి. ఆటోక్లేవ్ గదికి శుద్ధి చేసిన నీళ్ల లైను విడిగా ప్లాన్‌లోనే గీయించండి. తర్వాత పెట్టుకుందాం అంటే బకెట్లతో మోసే పని ఎవరో ఒక అబ్బాయి నెత్తిన పడుతుంది.

ఎండాకాలంలో నల్గొండ వైపు 45 డిగ్రీలు దాటిన రోజులు మనకు కొత్త కాదు. మేడ మీద ఏసీ బయటి యూనిట్లు పడమటి ఎండలో, ఒకదాని వేడిగాలి ఇంకొకటి పీల్చేలా పెడితే మే నెల మధ్యాహ్నం చేతులెత్తేస్తాయి. ఫిల్టర్లు మార్చే మనిషికి అక్కడికి ఎక్కే మెట్లు, నిలబడే చోటు ఉన్నాయా అని ఆ మనిషినే అడగండి. నిచ్చెన వేసుకుని ఎక్కాల్సిన చోట ఫిల్టర్ ఉంటే అది ఏడాదికోసారి కూడా మారదు.

కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొద్ది క్షణాలు ఏ మిషన్లు ఆగిపోకూడదో సిబ్బందితో కలిసి తేల్చండి. ఆపరేషన్ లైటు, మత్తు మిషన్, మానిటర్, రక్తం లాగే సక్షన్, రక్తనాళాలను కాల్చి మూసే కాటరీ, బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్. వీటికి యుపిఎస్ సాకెట్లు వేరే రంగులో ఉండాలి. చీకట్లో కూడా ఏది ఏదో తెలియాలి. ఫోను చార్జర్ పెట్టుకోవడానికి ఇంకో సాకెట్ ఇవ్వకపోతే యుపిఎస్ సాకెట్‌లోనే పెడతారు. ఇది మనుషుల తప్పు కాదు, ప్లాన్ తప్పు.

చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా 65వ నంబరు, షాద్‌నగర్ నుంచి అలంపూర్ చౌరస్తా దాకా 44వ నంబరు జాతీయ రహదారులు మన జిల్లాల మీదుగానే పోతాయి. రాత్రిపూట ఒకేసారి ముగ్గురు నలుగురు గాయాలతో వస్తారు. క్యాజువాలిటీ నుంచి థియేటర్ దాకా ట్రాలీతో నడిచి చూడండి. లిఫ్టులో ట్రాలీ, ఆక్సిజన్ సిలిండర్, ఊపిరి అందించే బ్యాగు నొక్కే మనిషి, సెలైన్ పట్టుకున్న మనిషి కలిసి పడతారా? ఆపరేషన్ మధ్యలో ఎక్స్‌రే చూపే సీ-ఆర్మ్ మిషన్ ఏ గదిలో నిలిపి, ఏ తలుపులోంచి తెస్తారు?

ఇక సిజేరియన్లు. 2019-20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ఈ అంకె మంచిదా కాదా అన్నది వేరే చర్చ, తగ్గాలన్నదే నా మాట. కానీ కడుతున్న థియేటర్లో ఎక్కువ రోజులు జరిగేది అదే. అందుకే బిడ్డ మూల గురించి ముందే ఆలోచించాలి. వార్మర్, బిడ్డకు వేరే ఆక్సిజన్, వేరే సక్షన్, పిల్లల డాక్టర్ నిలబడే చోటు, తల్లి తల తిప్పితే బిడ్డ కనిపించే దిక్కు. ఇక్కడ నిజమైన పేచీ ఒకటి వస్తుంది. థియేటర్ చల్లదనం 21 డిగ్రీలు, అటూ ఇటూ 3 అని మార్గదర్శకం. కాన్పు గది 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. గౌన్లలో చెమటలు పట్టే సర్జన్ ఒక వైపు, తడి ఒంటితో పుట్టే బిడ్డ ఇంకో వైపు. మేము చేసిందేమంటే, చల్లగాలి నేరుగా పడని మూలను బిడ్డకు ఇచ్చాం, గది చల్లదనం తగ్గించే మీట థియేటర్ లోపలే పెట్టించాం. అంతకుముందు దాన్ని తగ్గించాలంటే మేడ మీదికి మనిషిని పంపేవాళ్లం.

ఆరో అడుగు: నేల మీద ముగ్గుతో థియేటర్ గీయండి

కాగితం మీది ప్లాన్ చదవడం ఇంజనీర్లకు వచ్చినట్టు మాకు రాదు. తల ఊపి వచ్చేస్తాం. అదే ప్లాన్ అసలు కొలతతో నేల మీద గీస్తే ఆయమ్మకు కూడా ఒక్క చూపులో అర్థమవుతుంది. అమెరికాలో క్లెమ్సన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆపరేషన్ గది డిజైన్ మీద చేసిన పనిలో ఇదే దారి పట్టారు. ముందు నేల మీద టేపు, తర్వాత అట్టముక్కలతో గది, ఆ తర్వాత నిజమైన సామానుతో నమూనా గది. ప్రతి దశలో నర్సులు, డాక్టర్లు అందులో కేసు నడిపించి చూశారు.

మనకు అంత ఖర్చు అక్కర్లేదు. ఖాళీగా ఉన్న వార్డు గానీ, స్లాబు పడిన అంతస్తు గానీ, సెలవు రోజు స్కూలు హాలు గానీ చాలు. ఇరవై అడుగులకు ఇరవై అడుగులు ముగ్గుపిండితో గీయండి. మాకు గీసింది మా ఆయమ్మలే. ఇంజనీరు టేపు పట్టి కొలత చెబుతుంటే వాళ్లు గీత తప్పకుండా పోశారు. ఆ పూట మొదటిసారి వాళ్లు ఇంజనీరుతో సమానంగా మాట్లాడారు. గోడల చోట వెదురు కర్రలకు పాత దుప్పట్లు కట్టండి. సెలైన్ అట్టపెట్టెలు పేర్చి మత్తు మిషన్, కాటరీ, వార్మర్ అనుకోండి. లైటు, పైకప్పు నుంచి దిగే గ్యాస్ పాయింట్ల పెండెంట్ వేలాడే ఎత్తును తాడుతో చూపండి. ట్రాలీ మాత్రం నిజమైనదే తేవాలి. అట్ట ట్రాలీ ఏ మూలైనా తిరుగుతుంది.

ఇప్పుడు కేసు ఆడండి. రోగిగా పడుకోవడానికి ఒకరు. మామూలు సిజేరియన్‌తో మొదలుపెట్టి, తర్వాత కాన్పయ్యాక రక్తస్రావం ఆగని తల్లి, తర్వాత రోడ్డు ప్రమాదం, తర్వాత టేబుల్ మీద గుండె ఆగిపోవడం, తర్వాత కేసు మధ్యలో కరెంటు పోవడం. చివరికి తప్పకుండా కేసు అయిపోయాక గది కడగడం. డాక్టర్లు ఈ చివరిదానికి ఉండకుండా వెళ్లిపోతారు. వాళ్లను ఉండమని అడగండి. మురికి సామాను ఎటు పోతుంది, పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాలు ఎక్కడ ఉంటాయి, వాడిన బట్టల మూట శుభ్రమైన సామాను వచ్చే దారిలోంచే పోతోందా అన్నవి అప్పుడే బయటపడతాయి.

ఒకటే నియమం: ఎవరైనా "ఆగండి" అనవచ్చు. అన్న వెంటనే అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగాలి. ఏం తగిలింది, ఏం అందలేదు అన్నది ఒకరు చీటీ మీద రాస్తారు. అక్కడే వాదించకూడదు, రాసుకుని ఆట సాగించాలి. మా మొదటి రోజు ఇరవైకి పైగా చీటీలు వచ్చాయి. అందులో ఒకటి బట్టల మూట మోసే అబ్బాయిది. గుండె ఆగిన కేసు ఆడుతుండగా "ఆగండి" అన్నాడు. ఛాతీ నొక్కే మనిషి నిలబడటానికి టేబుల్ పక్కన చోటు లేదు, అక్కడ కాటరీ పెట్టె ఉంది. పెద్ద డాక్టర్లు, మేము అందరం చూస్తూనే ఉన్నాం, కనిపించింది అతనికి.

రెండో విడతలో టేబుల్‌ను కొంచెం ఏటవాలుగా తిప్పి అదే ఆట ఆడండి, తలుపును రెండడుగులు జరిపి ఆడండి. ముగ్గు తుడిచి మళ్లీ గీయడానికి ఖర్చెంత?

ఏడో అడుగు: మాటల మధ్య పేచీ తేల్చడం

అందరి కోరికలూ ఒక గదిలో పట్టవు. సర్జన్ అడిగే జాగా, సిస్టర్ అడిగే బీరువా, టెక్నీషియన్ అడిగే దారి ఒకే గోడ దగ్గర కలుస్తాయి. హోదాను బట్టి తేలిస్తే ఇప్పటిదాకా చేసిన పని వృథా. మేము ఒక వరుస పెట్టుకున్నాం. రోగి ప్రాణానికి ముప్పు తగ్గించేది మొదట, ఇన్ఫెక్షన్ తగ్గించేది తర్వాత, సిబ్బంది ఒళ్లు కాపాడేది ఆ తర్వాత, పని వేగం నాలుగోది, అందం చివరిది. ఈ వరుసను పేచీ రాకముందే, మొదటి మీటింగ్‌లోనే అందరితో ఒప్పించండి.

గాలి లెక్కలు, శుభ్ర, అశుభ్ర దారుల విభజన, అగ్నిమాపక నిబంధనలు ఓటింగ్‌కు పెట్టేవి కావు. అది కూడా ముందే చెప్పాలి.

ఎనిమిదో అడుగు: మాటను ఇంజనీరు భాషలోకి మార్చడం

"సాకెట్లు దగ్గరగా ఉండాలి" అని రాస్తే ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ తన లెక్కన పెడతాడు. "మత్తు మిషన్ వెనక గోడకు ఎనిమిది సాకెట్లు, అందులో నాలుగు యుపిఎస్ మీద, నేల తడి తగలని ఎత్తులో" అని రాస్తే అలాగే వస్తాయి. ప్రతి గదికీ ఒక కాగితం పెట్టండి. అందులో ఎంతమంది పనిచేస్తారు, ఏ సామాను నిలుస్తుంది, ఎన్ని సాకెట్లు, ఎన్ని గ్యాస్ పాయింట్లు, తలుపు ఎటు, నీళ్లు ఎక్కడ అన్నవి ఉండాలి. దాని కింద ఇంజనీరు, థియేటర్ ఇన్‌చార్జి సిస్టర్, మత్తు డాక్టర్ ముగ్గురి సంతకాలు.

పక్కనే ఇంకో రిజిస్టరు. సిబ్బంది అడిగిన ప్రతి మాట, చేస్తున్నామా లేదా, లేదంటే ఎందుకు. దాన్ని తెలుగులో రాసి థియేటర్ కారిడార్‌లో అతికించండి. ఈ పని చాలాచోట్ల వదిలేస్తారు, నాకు బాధ కలిగించేది ఇదే. అడిగారు, రాసుకున్నారు, ఆ తర్వాత ఏమైందో ఎవరికీ తెలియదు. "నీ మాట కుదరలేదు, కారణం ఇదీ" అని చెబితే మనిషి చిన్నబుచ్చుకోడు. ఏమీ చెప్పకపోతేనే చిన్నబుచ్చుకుంటాడు.

తొమ్మిదో అడుగు: కడుతున్నప్పుడు మూడుసార్లు వెళ్లండి

గోడల గీతలు పడినప్పుడు ఒకసారి, పైపులు, తీగల గొట్టాలు వేసి ప్లాస్టరింగ్ చేయకముందు ఒకసారి, ఫాల్స్ సీలింగ్ మూయకముందు ఒకసారి. రెండో విడత అన్నిటికంటే ముఖ్యం. గోడలో ఏ గొట్టం ఎటు పోతోందో టేపు పట్టి ఫొటోలు తీసుకోండి. ట్రాలీని మొదటి విడతలోనే తీసుకెళ్లి ఇటుక వరుస మీదుగా తిప్పి చూడండి. మొదట చెప్పిన పిల్లర్ కథ అక్కడే ఆగిపోయేది.

పదో అడుగు: తెరిచే ముందు, తెరిచాక

రిబ్బన్ కత్తిరించే తేదీకి కనీసం వారం ముందు గది సిబ్బంది చేతికి రావాలి. ఖాళీ గదిలో మళ్లీ ఆ ఆటలన్నీ ఆడాలి, ఈసారి నిజమైన సామానుతో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్టు మూడు దశల్లో ఉంటుంది: మత్తు ఇవ్వకముందు, కోత పెట్టకముందు, రోగి గది దాటకముందు. ఆ మూడుచోట్లా ఎవరు ఎక్కడ నిలబడి చదువుతారు, అందరికీ వినిపిస్తుందా, కాగితం గోడకు ఎక్కడ ఉంటే టేబుల్ దగ్గరినుంచి కనిపిస్తుంది అని చూడండి. ప్రతి గ్యాస్ పాయింట్‌లోంచి వచ్చేది దాని మీద రాసిన గ్యాసేనని బయోమెడికల్ వాళ్లు మీటరుతో పరీక్షించి, మత్తు డాక్టర్ ఎదుట సంతకం చేయాలి. ఆ సంతకం లేకుండా మొదటి కేసు పెట్టవద్దు, ప్రారంభానికి ఎంత పెద్దవాళ్లు వస్తున్నా సరే.

బడ్జెట్‌లో కొంత సొమ్ము తెరిచాక చేసే మార్పుల కోసం పక్కన పెట్టండి. నెలకు, మూడు నెలలకు, ఏడాదికి మళ్లీ అవే గుంపులను కూర్చోబెట్టి అవే ప్రశ్నలు అడగండి. తలుపు గీతలు మళ్లీ లెక్కపెట్టండి. గోడలకు అతికించిన టేపులు, తాడుతో కట్టిన కొక్కేలు, అట్టముక్కతో చేసిన అరలు ఎక్కడెక్కడ వెలిశాయో చూడండి. సిబ్బంది తమంతట తాము పెట్టుకున్న ప్రతి కొక్కెం మనం గీయడం మరిచిన ఒక గీత. వాటిని పీకించకుండా ముందు ఫొటో తీసి, పెట్టిన మనిషిని పిలిచి దేనికోసం పెట్టారో అడిగి, రిజిస్టరులో కొత్త పేజీ మీద రాయండి.